పసుపు గీత

నాలుగో చేను మలుపు దగ్గర సామ్యేలు ఆగాడు. ఆగాడంటే, తెర మీది మనిషి ఆగాడు. సామ్యేలు ఎడమచేతి మధ్యవేలు మీట మీదనుంచి లేచింది. ఎదురుగా గట్టు సన్నబడింది. పక్కన నడుమెత్తు పైరు గాలికి ఊగుతోంది. ఆ పైరు మధ్యలోంచి, నేలమీద పసుపు గీత ఒకటి ముక్కుసూటిగా అవతలి పెంకుటింటి దాకా పోతోంది. ఇంటి కప్పు మీద పసుపు చుక్క వెలుగుతూ ఆరుతూ, ఇటు రా, ఇటు రా అని ఒకటే గోల పెడుతోంది. సామ్యేలు దాన్ని చెవిన వేసుకోలేదు.

"గట్టు ఈడ జారుద్ది," అన్నాడు మైకులోకి. "నిదానంగా పోవాల."

మనసులో అనుకున్నదంతా పైకి అనాలన్నది ఈ గదిలో నియమం. పక్కకు చూస్తే ఎందుకు చూశావో, ఆగితే ఎందుకు ఆగావో, ఏది తోస్తే అది దాచకుండా చెప్పాలి. మొదటి వారం ఈ నియమంతో సామ్యేలుకు తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పయ్యొక్క ఏళ్ళు కాలవ గట్టు మీద ఒంటరిగా నడిచిన మనిషి, నోట్లో నాలుక లేనివాడని ఊళ్ళో పేరు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి, నీకేమనిపిస్తోందో చెప్పవయ్యా అంటే ఏం చెబుతాడు. అనిపించడం అనేదొకటి తనకు ఉందని కూడా అతనికి సరిగ్గా తెలియదు.

గది నరసరావుపేటలో, పల్నాడు రోడ్డు మీద, విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కొట్టు పైన ఉంది. కింద మందుల వాసన, పైన ఏసీ చల్లదనం, మధ్యలో మెట్లు. ఎనిమిది కంప్యూటర్లు. హైదరాబాదులో ఒక కంపెనీ వీడియో ఆట తయారుచేస్తోంది. అందులో కొండలు, వాగు, పొలాలు, ఊళ్ళు, ఒక లోకమే ఉంది. ఆడేవాడు అందులో ఎటైనా తిరగొచ్చు. ఎటైనా తిరగొచ్చంటే జనం బిక్కమొహం వేసి నిలబడిపోతారని, ఎటు పోవాలో చెప్పడానికి నేలమీద పసుపు గీత, చేరాల్సిన చోట పసుపు చుక్క పెట్టారు. ఆ గీత కొత్తవాళ్ళకు కనబడుతోందా లేదా, పట్టుకుని నడుస్తున్నారా లేదా అని చూడటమే ఇక్కడి పని.

అందుకని ఇక్కడికి ఎప్పుడూ ఆట మొహం చూడనివాళ్ళే కావాలి. పాలు పోసే ఆమె వచ్చింది, కుట్టుమిషను ముబారక్ వచ్చాడు, పాస్టరుగారి అత్తగారు కూడా వచ్చి కూర్చుంది. మూడు రోజులకు ఎవరికైనా చూపు గీతకు అలవాటు పడిపోతుంది. అలవాటు పడ్డవాడు ఇక కొత్తవాడు కాదు, కొత్తవాడు కానివాడితో ఇక్కడ పని లేదు. లోకంలో పని రాకపోతే తీసేసే కొలువులు చూశాం గానీ, పని వస్తే తీసేసే కొలువు ఇదొక్కటే కాబోలు.

సామ్యేలు వచ్చి ఐదు నెలలైంది. ఇంకా కొత్తవాడే.

అతను అసలు ఈ భవనానికి కాపలాదారుగా వచ్చాడు. ఒకరోజు రావలసిన మనిషి రాకపోతే, గది చూసుకునే షెర్లీ మెట్ల దగ్గర కూర్చున్న అతన్ని పైకి పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఆమెకు ఇరవయ్యేడేళ్ళు. వాళ్ళమ్మా, సామ్యేలు భార్య దయామణీ చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటారు. ఆ చనువుతో అతన్ని పెదనాన్నా అంటుంది. ఆటలో పని చిన్నదే. విత్తనాల మూట ఒకటి భుజాన వేసుకుని, నాలుగు చేల అవతల ఉన్న పెంకుటింట్లో ఇచ్చి రావాలి. గీత పట్టుకుంటే రెండు నిమిషాలు. సామ్యేలు మాత్రం గీత వంక ఒకసారి చూసి, చేల చుట్టూ గట్టెక్కి బయల్దేరాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆటలో పగలు పన్నెండు నిమిషాలే. అతను చేరేసరికి చీకటి పడి ఇంటి తలుపు మూసి ఉంది. రేపు రండి అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

రెండోరోజూ అంతే. నెల తర్వాతా అంతే. ఆట చేసినవాళ్ళు ఆ గట్లను చూపుకు అందంగా ఉంటాయని పెట్టారు తప్ప, వాటిమీద ఒక మనిషి నడుస్తాడని కలలో కూడా అనుకోలేదు. అక్కడక్కడ కాలు ఇరుక్కునేది. సామ్యేలు చెప్పాడు, వాళ్ళు సరిచేశారు. మొదటివారంలోనే, "ఈ కాలవ ఎగువకి పారతందేందమ్మాయ్," అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. మర్నాడు హైదరాబాదులో ఎవరో చూసుకుంటే నిజంగానే నీళ్ళు పల్లం నుంచి మెరకకు పారుతున్నాయి. రెండు నెలల నుంచీ పారుతున్నాయట. ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి సామ్యేలు మాటలు రికార్డు చేసినవి హైదరాబాదుకు రోజూ పోతున్నాయి.

అరవైరెండేళ్ళ మనిషి. నల్లగా, సన్నగా ఉంటాడు. పిక్కలు మాత్రం ఇంకా గట్టిగా, నరాలు తేలి ఉంటాయి. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. తూము పలక జారి పడ్డప్పుడు పోయింది, మళ్ళీ మొలవలేదు. మడమలు పగిలి ఉంటాయి. చక్రాల కుర్చీలో అంచున కూర్చుంటాడు, ఎవరైనా వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఐదు నెలల్లో ఆ కుర్చీకి అతని వీపు ఒక్కసారి ఆనలేదు. ఆనుకోమని షెర్లీ రోజూ చెబుతుంది, చెప్పినప్పుడల్లా తలూపుతాడు.

గురజాల అవతల ఒక మేజరు కాలవకి లస్కరుగా చేశాడు. తూములు ఎత్తడం, దించడం, గండి పడితే కబురు చెప్పడం. రోజుకు పదకొండు కిలోమీటర్లు దిగువకి, మళ్ళీ పదకొండు ఎగువకి. పర్మనెంటు చేస్తామన్నారు, చేయలేదు. నీళ్ళు సరిపోని ఏళ్ళలో పై రైతులు తిట్టారు, చివరి భూముల రైతులు తిట్టారు, వీళ్ళిద్దరూ ఒకటైన రోజు ఇద్దరూ కలిసి తిట్టారు. అయినా ఒక్క మాట మాత్రం అందరూ ఒప్పుకునేవారు. సామ్యేలు చేలో అడుగు పెట్టడు. మధ్యలోంచి పోతే అరగంట కలిసొచ్చే చోట కూడా అతను గట్టు దిగడు. వానలో దిగడు, జ్వరంలో దిగడు. "మంచోడు, ఎవురి పైరూ తొక్కడు," అనేవారు. ఒక మనిషి మొత్తం బతుకులో ఊరికి గుర్తున్నది ఒక్క మాటే అయినప్పుడు, అది మంచిమాటే అయినందుకు దయామణి సంతోషించేది.

ఇప్పుడు ఆమెకో కొత్త సంగతి దొరికింది.

"ఇంట్లో రెండు ముక్కలు మాట్లాడవు గానీ, ఆడ పెట్టెతో తెగ మాట్లాడతన్నావంట," అంది ఈ పొద్దున కూడా, క్యారేజీ కడుతూ.

"అది అడిగిద్ది," అన్నాడు సామ్యేలు.

అంతే అన్నాడు. అంతకంటే చెప్పడం అతనికి చేతకాదు గానీ, విషయం మాత్రం అదే. ముప్పయ్యొక్క ఏళ్ళు ఎవరో చెప్పింది చేశాడు. ఎందుకు ఇలా చేశావని తిట్టడానికి అడిగినవాళ్ళున్నారు గానీ, తెలుసుకోవడానికి అడిగినవాళ్ళు లేరు. ఈ గదిలో ఆగితే అడుగుతారు, తిరిగితే అడుగుతారు, అడిగి చెవొగ్గి వింటారు. చలువ గదికి కాదు, చక్రాల కుర్చీకి కాదు, అతను ఈ పనిని పట్టుకుని వేలాడుతున్నది ఆ అడగడం కోసం. ఇది పోతే మళ్ళీ మెట్ల దగ్గర కూర్చోవడానికి కూడా లేదు. ఆ కాపలా పని అప్పుడే ఇంకొకరికి ఇచ్చారు.

ఆ పని ఉండేదీ పోయేదీ ఇవాళ తేలుతుంది. నిన్న సాయంత్రం షెర్లీ కుర్చీ దగ్గరకు జరుపుకుని చెప్పింది.

"పెదనాన్నా, రేపు హైదరాబాదు నుంచి చైతన్య సార్ వస్తన్నాడు. నీ నడక చూడ్డానికే వస్తన్నాడు. నీకు ఏడాదికి కాగితం రాసిస్తానన్నాడు."

"ఏం జెయ్యాలమ్మాయ్?"

"ఏం చెయ్యొద్దు. రోజూ నడిచినట్టే చుట్టూ తిరిగి పో. అంతే. ఒక్కసారి గీత మీద నడిచావనుకో, ఇంక అలవాటైందని రాసేస్తారు. అప్పుడు నా చేతిలో ఏం ఉండదు."

"నేను గీత మీద ఎందుకు నడుస్తా," అన్నాడు సామ్యేలు. నిజంగానే అతనికి అనుమానం రాలేదు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మెట్ల మీదకు పోయాడు. లోపల బల్ల ఉంది, అందరూ అక్కడే తింటారు, షెర్లీ పిలుస్తూనే ఉంటుంది. అతను రెండో మెట్టు మీద కూర్చుని, గోంగూరపప్పు కలుపుకుని, కింద కొట్లోకి వచ్చేపోయే రైతుల్ని చూస్తూ తిన్నాడు. దాచేపల్లి వైపు పోయే సిమెంటు లారీ ఒకటి రోడ్డుకు అడ్డం పడి అరుస్తోంది. తిన్న గిన్నె అక్కడే కుళాయి కింద కడిగి, మూత బిగించి పైకి వచ్చాడు.

రెండు గంటలకు చైతన్య వచ్చాడు. ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో, భుజాన సంచి, ముఖాన అలసట, మాటలో మర్యాద. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"నమస్తే సామ్యేలు గారూ."

గారు అనిపించుకోవడం అలవాటు లేక సామ్యేలు ఒకసారి వెనక్కి చూశాడు. షెర్లీ నవ్వు ఆపుకుంది.

"మీ రికార్డింగులన్నీ విన్నాను. మా ఆఫీసులో అందరం విన్నాం," అన్నాడు చైతన్య. "ఆ గీతని మేం చేత్తో గీయం. ఇక్కణ్ణుంచి అక్కడికి దగ్గరి దారి ఏదో కంప్యూటర్ లెక్కేసి గీస్తుంది. మధ్యలో చేను ఉంటే దానికి తెలీదు. మీరు చుట్టూ తిరుగుతుంటే మొదట్లో మీకు గీత కనబడట్లేదేమో అనుకున్నాం."

"కనబడిద్ది బాబూ. బాగా కనబడిద్ది."

"అదే. కనబడినా తొక్కట్లేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి మాకు సిగ్గేసింది. ఏదీ, ఒకసారి నడవండి. నేను చూస్తాను."

ఆట మొదలైంది. తెల్లారింది. మూట భుజానికెక్కింది. సామ్యేలు తెర మీది మనిషిని గట్టెక్కించి, ఎప్పటిలాగే తూర్పుకు తిప్పాడు. మొదటి చేను దాటాడు. "ఈడ గడ్డి పెరిగింది," అన్నాడు. "మొన్న లేదు." రెండో చేను మూల తిరిగాడు. వెనక షెర్లీ ఊపిరి పీల్చుకోవడం వినబడింది. ఆమె సంతోషంగా ఉందని అతనికి తెలిసింది. ఇలా ఇంకో రెండు చేలు తిరిగితే ఏడాది కాగితం చేతికొచ్చినట్టే.

చైతన్య తెర వంక చూడటం మానేసి అతని వంక చూస్తున్నాడు. ఆ కుర్రాడి కళ్ళల్లో ఉన్నది నిజమైన గౌరవమే. అందులో అబద్ధం ఏమీ లేదు.

"మా తాత కూడా ఇంతేనండీ," అన్నాడు. "చేను తొక్కితే చెప్పు తీసేవాడు. మీలాంటివాళ్ళని చూస్తే ఆయనే గుర్తొస్తాడు. పైరంటే అంత భక్తి. జీవితంలో ఎప్పుడూ అడ్డదారి తొక్కని మనిషి మీరు."

సామ్యేలు వేలు మీట మీదనుంచి లేచింది. తెర మీది మనిషి గట్టు మీద నిలబడిపోయాడు.

అడ్డదారి అన్న మాట అతను వినంది కాదు. ఊళ్ళో ఆ మాటకు ఒకటే అర్థం: చేను మధ్యలోంచి పడి పోయే దారి. బళ్ళోనో పేపర్లోనో చదువుకున్నవాళ్ళకు దానికి ఇంకో అర్థం ఉందనీ, మెచ్చుకోవడానికి అలా అంటారనీ అతనికి తెలుసు. చైతన్య మెచ్చుకున్నాడు. తలూపి ఊరుకుంటే సరిపోయేది. ఇదివరకు ఎంతమంది మంచోడన్నా తలూపే ఊరుకున్నాడు. కానీ మైకు ముందు కూర్చుని ఉన్నాడు, తోచింది దాచకూడదన్నారు. ఐదు నెలల్లో అతను ఈ గదిలో ఒక్క అబద్ధమూ ఆడలేదు.

"తొక్కలేదు కాదు బాబూ," అన్నాడు. "తొక్కనియ్యలేదు."

చైతన్యకు అర్థం కాలేదు. "అంటే?"

"నాకు పదేళ్ళు. మా నాయన చేలో పనికి పోయాడు. సద్ది తీసకపోతన్నా. ఆలీసమైంది. తొందరలో వెంకట్రామయ్య గారి మిరప చేలో పడి పోయా. మొక్క కూడా ఇరగలా. సాలెంట పోయా."

గదిలో మిగతా కంప్యూటర్ల ముందున్నవాళ్ళు ఆటలు ఆపారు. ఎవరూ ఆపమనలేదు.

"ఆయన నన్నేమీ అన్లా. పెద్దమనిషి. మా నాయన్ని పిలిపిచ్చాడు. నీ కొడుకుని నువ్వే కొట్టు అన్నాడు. మా నాయన కొట్టాడు. ఆయన చాలు అనేదాకా కొట్టాడు. ఆయన చానాసేపు అన్లా."

సామ్యేలు గొంతు మామూలుగానే ఉంది. పొద్దున గట్టు జారుతుందని చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఆదివారం చర్చి నుంచి వచ్చినాక, మా నాయన నా చెయ్యి పట్టుకోని ఆ చేల చుట్టూ మూడుసార్లు తిప్పాడు. ఇదీ మన దారి, కళ్ళు మూసుకున్నా ఇట్టే పోవాల, అన్నాడు. మూడోసారి కళ్ళు మూయించి తిప్పాడు. కాళ్ళు నేర్చుకున్నయ్. ఇంక మర్చిపోలా." తెర వంక చూశాడు. "మంచితనం కాదు బాబూ ఇది. బయం."

చైతన్య చూపు ఎక్కడ పెట్టాలో తెలియక తన సంచి వంక చూసుకున్నాడు. షెర్లీ కుర్చీ వెనక పట్టుకుని నిలబడి ఉంది. బడి పంతులు కూతురు, పట్నంలో చదివింది, ఈ సంగతులు ఆమె నెత్తిమీదకు రాలేదు గానీ, తాతల కాలంనాటివి ఇంట్లో వింటూనే పెరిగింది. తెర మీద పొద్దు నడినెత్తికొస్తోంది.

సామ్యేలు ఆ పైరును చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అది ఏ పైరో అతనికి అంతుబట్టలేదు. జొన్న ఆకు, కంది ఎత్తు. ఎవరు వేశారో, ఎప్పుడు కోస్తారో, ఐదు నెలల్లో ఒక్క మనిషి అందులోకి దిగగా చూడలేదు.

"ఈ చేను ఎవురిది బాబూ?"

"ఎవరిదీ కాదండీ," అన్నాడు చైతన్య మెల్లగా. "ఆటలోది."

"ఎవురిదీ కాదా?"

"ఎవరిదీ కాదు."

షెర్లీ అతని భుజం దాకా వంగి, మైకుకు వినబడకుండా, "పెదనాన్నా, చుట్టూ పో," అంది. "కొంచెమే ఉంది. పోయిరా."

సామ్యేలుకు వినబడింది. ఆమె ఎందుకు చెబుతోందో, చుట్టూ పోకపోతే ఏం పోతుందో అతనికి తెలియకపోలేదు. రేపటి నుంచి ఎవరూ ఏదీ అడగరు. ఆ మాట కూడా పైకే అన్నాడు. "ఇంక ఎవురూ అడగరమ్మాయ్," అన్నాడు. అని, తెర మీది మనిషిని పసుపు గీత వైపు తిప్పి, గట్టు దింపాడు.

పైరు నడుము దగ్గర విడిపోయింది. ఆకులు రెండు పక్కలకూ వంగి, అతను దాటగానే మళ్ళీ లేచి నిలబడ్డాయి. ఒక్కటీ విరగలేదు. ఎవరూ అరవలేదు. కూలికి అతను చేలల్లో దిగకపోలేదు, లస్కరు కాకముందు ఎన్నో ఏళ్ళు కలుపు తీశాడు, మిరపకాయలు కోశాడు. పనికి దిగినవాడు సాలు చూస్తాడు, మొక్క చూస్తాడు, తలెత్తడు. దారి కోసం మాత్రం ఆనాటి తర్వాత ఎప్పుడూ దిగలేదు. చేను నడిమధ్యన ఆగి, మనిషిని నాలుగు దిక్కులా తిప్పి చూశాడు. దూరంగా, చుట్టూరా గట్టు కనబడింది. రోజూ తను నడిచే గట్టు. అంత సన్నగా ఉంటుందని అతను అనుకోలేదు.

"ఏమనిపిస్తోంది?" అడిగాడు చైతన్య. అడగడం అతని ఉద్యోగం. కానీ అలా అడగలేదు.

"దగ్గిరే," అన్నాడు సామ్యేలు. "చానా దగ్గిరే బాబూ. నేనేందో దూరం అనుకున్నా."

గీత ఇంటి ముందు ఆగిపోయింది. పొద్దు ఇంకా పైనే ఉంది. తలుపు తెరిచి ఉంది. ఐదు నెలలుగా మూసి ఉన్న తలుపునే చూసినవాడు, తెరిచిన తలుపు ముందు ఏం చేయాలో తెలియక వాకిట్లోనే నిలబడ్డాడు. లోపల్నుంచి ఒక ఇల్లాలు వచ్చింది. మూట అందుకుంది.

"ఎండనపడి వచ్చావు," అంది ఆమె. "అరుగు మీద కూర్చో. మంచినీళ్ళు తాగు."

ఆడేవాళ్ళెవరూ ఆమె మాట పూర్తిగా వినరు. మీట ఒకటి నొక్కితే ఆమె మాట తెగిపోయి, పని పూర్తయినట్టు అక్షరాలు వస్తాయి. అందరూ అదే నొక్కుతారు. సామ్యేలు నొక్కలేదు. చివరి మాట దాకా విన్నాడు. వినగానే అతని రెండు చేతులూ మీటల మీదనుంచి లేచాయి. గాలిలో, ఛాతీ ముందు, వేళ్ళకు వేళ్ళు చేరి దోసిలి అయింది.

చిన్నప్పుడు పెద్దిళ్ళ వాకిట్లో పైనుంచి పోస్తే పట్టుకుని తాగిన చేతులు అవి. తర్వాత కాలం కొంత మారి, చెంబు చేతికే ఇచ్చే ఇళ్ళు వచ్చాయి. తాగి, కడిగి, బోర్లించి రావాలి. దోసిలి పట్టానని అతనికి తెలియలేదు. షెర్లీ చూసింది. చైతన్య కూడా చూశాడు. తెర మీద ఆ ఇల్లాలు చెంబును తిన్నగా ఆ మనిషి చేతిలో పెట్టింది.

సామ్యేలు దోసిలి విప్పి, చేతులు మీటల మీదకు తెచ్చుకున్నాడు. తాగించాడు. చెంబు ఖాళీ అయింది. అటూ ఇటూ చూశాడు. మీటలన్నీ వెతికాడు.

"కడిగి బోర్లిచ్చే మీట ఏదమ్మాయ్?"

"అట్టాంటి మీట లేదు పెదనాన్నా," అంది షెర్లీ. "కడగక్కర్లా."

"సరే," అన్నాడు సామ్యేలు. చెంబు కింద పెట్టే మీట నొక్కాడు.

తెర పైన సమయం లెక్కపెట్టే అంకెలు ఆగాయి. చేలోకి దిగిన దగ్గర్నుంచి రెండు నిమిషాలకు కాస్త తక్కువ. పని పూర్తయిందని పచ్చటి అక్షరాలు వచ్చి పోయాయి. చైతన్య తన ల్యాప్‌టాప్ తెరిచాడు గానీ అందులో ఏమీ కొట్టలేదు.

"సార్," అంది షెర్లీ. "ఈ ఒక్క రికార్డింగ్ తీసేద్దాం. కరెంటు పోయిందని రాద్దాం. రేపు మామూలుగా నడుస్తాడు. నడుస్తావు గదా పెదనాన్నా?"

చైతన్య సరేనన్నట్టే చూశాడు. నిజానికి అతనూ అదే కోరుకుంటున్నాడు.

"నడవలేనమ్మాయ్," అన్నాడు సామ్యేలు. "ఒకసారి దగ్గిరని తెలిసినాక, తెలవనట్టు ఎట్టా నడిచేది. నాటకం అయిద్ది."

లేచాడు. కుర్చీని బల్ల కిందకు తోసి, మైకు తీగ చుట్టి పెట్టాడు. క్యారేజీ సంచి చేతికి తగిలించుకున్నాడు. చైతన్య కూడా లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి చేయాలి, ఇంత పెద్ద మాట విని ఊరికే పోకూడదు అని అతనికి ఆరాటంగా ఉంది.

"సామ్యేలు గారూ, మీకు మాట ఇస్తున్నాను. ఆ గీతని చేను మధ్యలోంచి తీయించి, చుట్టూ గట్టు మీదుగా వేయిస్తాను."

సామ్యేలు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. మొహంలో కంగారు కనబడింది.

"వద్దు బాబూ. ఉన్నకాడే ఉండనియ్," అన్నాడు. "పిల్లకాయలు నడుస్తారు."

మెట్లు దిగే చప్పుడు కాసేపు వినబడింది. అతని నడకలో తొందర లేదు. కింద కొట్లో ఎవరో పలకరిస్తే ఏదో బదులు చెప్పాడు. తర్వాత రోడ్డు మీది హారన్లలో ఆ మాట కలిసిపోయింది. షెర్లీ కిటికీ దాకా పోయి చూద్దామనుకుని, పోలేదు. చైతన్య నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయాడు. పోయేముందు కాగితం మీద, అలవాటైంది, అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు.

ఐదింటికి షెర్లీ ఒక్కొక్క కంప్యూటరే ఆపుకుంటూ వచ్చి, ఆఖరి దాని ముందు నిలబడింది. ఆట ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ ఎన్నో పగళ్ళూ రాత్రులూ గడిచిపోయాయి. ఇప్పుడు మళ్ళీ పొద్దుగూకుతోంది. ఇంటి తలుపు మూశారు. గాలికి పైరు ఊగుతోంది. ఆడేవాళ్ళు కింద పెట్టిన వస్తువుల్ని కాసేపటికి ఆటే మాయం చేసేస్తుంది, ఎప్పుడు చేస్తుందో చెప్పలేం. షెర్లీ మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా అలాగే నిలబడింది. అరుగు మీద, అంచున కాస్త తడితో, కడగని చెంబు నిటారుగా కూర్చుని ఉంది.